అద్దెకొచ్చిన అరాచకవాది

పుస్తకాలకు బైండింగు చేసే ఆ పెద్దమనిషి ఎర్రదీపం పడితే ఖాళీ రోడ్డు మీద కూడా ఆగిపోతాడు. విప్పిన చెప్పుల జత చెదరనివ్వడు. వేళ్లకంటిన జిగురు మూడుసార్లు తుడుచుకున్నాకే ఎవరికైనా నమస్కారం పెడతాడు. ఇంతటి నెమ్మదస్తుడికి అప్పటికే రెండు అద్దెయిళ్లు ఒక్క మాట వల్ల చేజారిపోయాయి. "ఈసారైనా ఆ అరాచకవాది అనే ముక్క మింగేయండి. వింటే బాంబులేసేవాడనుకుంటారు. స్వేచ్ఛావాది అంటే మీ సొమ్మేం పోయింది?" అని భార్య దారిపొడుగునా బతిమాలింది. "వాళ్లు తప్పుగా అర్థం చేసుకుంటే మనం మాట మార్చుకోవాలటే?" అన్నాడతను.

మూడో ఇంటి యజమానురాలు గోడలకు మేకులు కొట్టకూడదంది, తొమ్మిదికల్లా గేటు వేసేస్తానంది. అన్నిటికీ అతను బుద్ధిగా తలూపాడు. చివరికి ఆవిడ, "ఇంతకీ మీది ఏ పార్టీ బాబూ?" అని అడిగింది. భార్య మోచేత్తో పొడుస్తూనే ఉంది. "అరాచకవాదినండీ. అంటే, ఎవరి మీదా ఎవరూ పెత్తనం చెయ్యకూడదంటాను," అన్నాడు, చెవులు ఎర్రబడుతుండగా. ఆవిడ వంటింటివైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "మా కోడలు రోజూ అనేదీ అదే. ఆ మాటకో పేరుందని మాత్రం దాంతో చెప్పకండి. సామాను ఎప్పుడు తెచ్చుకుంటారు?"