సాలికా ఇచ్చిన పాలు

కిర్గిజ్ కొండల్లో అత్‌బాషీ దగ్గర మా ఊళ్లో ఒత్తిన ఉన్నితో తివాచీలు కుట్టే ఆడవాళ్లు పదిమంది దాకా ఉన్నారు గానీ, కోత మాత్రం బత్మాదే. నల్ల ఉన్ని, ఎర్ర ఉన్ని ఒకదాని మీద ఒకటి పరిచి ఒకే కత్తివాటున కోస్తుంది. నల్లదాంట్లోంచి వచ్చిన ముక్క ఎర్రదాని ఖాళీలో వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంటుంది. యాభై మూడేళ్ల మనిషి. మొగుడు తాగి తాగి పోయి ఆరేళ్లయింది. పోయేదాకా ఆమె ఒంటి మీద అతని చెయ్యి పడని వారం లేదు. ఇప్పుడు ఇంట్లో తనూ, ఎనభై దాటిన తల్లి సాలికా.

పంతొమ్మిదో ఏట బత్మా పక్కింటి షర్షెన్‌ని చేసుకోవాలనుకుంది. అతను ఆమెకంటే రెండు నెలలు పెద్ద. తల్లి పురిట్లోనే పోతే మేనత్త పెంచింది. పెళ్లి మాట ఎత్తగానే ఊరి ముసలమ్మలు బుగ్గలు నొక్కుకున్నారు. సాలికా పాలు తాగినవాడికి సాలికా కూతురు చెల్లెలు కాక ఏమవుతుంది? ఒక్క గుక్క చాలు, ఒకే రొమ్ము తాగిన పిల్లలు తోబుట్టువులే. వాడికి పాలిచ్చానని సాలికాయే ఏనాడో ఒక పెళ్లివిందులో చెప్పుకుంది. ఇంకేముంది, షర్షెన్ బొగ్గు గనులకి పోయాడు, బత్మాని తాగుబోతుకిచ్చారు. ఊరు నియమం తప్పలేదు, పాపం మంచి ఊరు.

ఈ వసంతంలో షర్షెన్ తిరిగొచ్చాడు. భార్య పోయింది, ఊపిరితిత్తులు సగం పోయాయి. ఒక పొద్దున బత్మా ఉన్ని కోస్తుంటే గుమ్మంలో నిలబడ్డాడు.

"మా అత్త ఇన్నాళ్లూ దాచిన మాటొకటి పోయే ముందు చెప్పింది, బత్మా."

"నా మీద చాడీలేనా?"

"నేను మేకపాలతో పెరిగానంట. మీ అమ్మకి అసలు పాలే లేవంట."

"లేకపోతే నేనేం తాగి పెరిగాను?"

"నువ్వూ ఆ మేకపాలే తాగావంట. నిన్ను కనుమ అవతల నుంచి తెచ్చుకుందంట."

బత్మా నవ్వబోయింది. "అయితే మేకని పిలిచి అడుగుదాం, మన పెళ్లికి ఒప్పుకుంటుందేమో."

అతను నవ్వలేదు. "ముల్లా ముందు సాలికా ఒక్క మాట చెప్తే చాలు. తాగలేదని. ఉన్న నాలుగేళ్లూ కలిసుందాం."

కత్తి పక్కకి జారింది. పది రోజులుగా గీసుకున్న నమూనా అడ్డంగా తెగింది. బత్మా దానివంక చూడను కూడా చూడలేదు.

సాలికా గోడవార ఎండలో కూర్చుని ఉన్ని చిక్కు తీస్తోంది. బత్మా ఎదురుగా కూలబడి సూటిగా అడిగింది. ముసలామె ఉన్ని పక్కన పెట్టింది.

"కనుమ అవతల మా చెల్లెలికి నువ్వు నాలుగో ఆడపిల్లవి. కోటులో చుట్టుకుని తెచ్చుకున్నా. కొత్త కోడలికి ముసుగు కప్పేచోట గొడ్రాలు ఉండకూడదని నన్ను పక్కకి జరగమనేవాళ్లు, తెలుసా? నువ్వొచ్చాక కూడా అనుమానమే వాళ్లకి. ఆ విందులో ఒళ్లు మండి అనేశా, నా పాలు ఇద్దరికి సరిపోయాయి, తల్లిలేని షర్షెన్‌కీ ఇచ్చానని. ఒక్క మాటే. ఆ పూటే ముసుగు నా చేతికిచ్చారు."

"మరి నాకు పెళ్లీడొచ్చినప్పుడు?"

"నోరు రాలేదు."

"ఆయన నన్ను గొడ్డుని బాదినట్టు బాదుతుంటే? అప్పుడూ రాలేదా?"

సాలికా కళ్లు తుడుచుకుంది. "శుక్రవారం ముల్లాగారిని పిలువు. చెప్పేస్తా, తల్లీ."

శుక్రవారం మధ్యాహ్నం బత్మా నూనెలో రొట్టె ముక్కలు వేయించింది, కొత్త తలగుడ్డ కట్టుకుంది. ఆ వయసులో ఆ సింగారమేమిటని ఎవరన్నా అని ఉంటే నేను ఊరుకునేదాన్ని కాదు. ముల్లా, షర్షెన్, సాక్ష్యానికి నలుగురు ముసలమ్మలు వచ్చి కూర్చున్నారు. వాళ్లలో ఒకావిడ సాలికా మోకాలు తట్టి, "నా ముగ్గురు కోడళ్లకీ నీ చేతే కదా ముసుగు కప్పించాను. పిల్లల తల్లివని," అంది.

ముల్లా గొంతు సవరించుకున్నాడు. "సాలికా అమ్మా, ఈ మనిషి మీ పాలు తాగాడా?"

సాలికా ఆ నలుగురి మొహాలూ వరసగా చూసింది.

"తాగాడు. కుడి పక్క వాడు, ఎడమ పక్క ఇది."

షర్షెన్ బత్మా వైపు తిరిగాడు. బత్మా ఒక్క మాట అంటే చాలు, ఈవిడ నన్ను కనలేదని. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. సాలికా చేతిలో కప్పు ఒరిగి టీ ఒళ్లోకి ఒలుకుతోంది. బత్మాకి నోరు రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి మిగతా అందరికీ టీ పోసి, చివరి కప్పు షర్షెన్‌కి అందించింది.

"తీసుకో, అన్నయ్యా."

అతను తాగలేదు. మర్నాడు గనుల ఊరికి వెళ్లే బస్సెక్కాడు, మళ్లీ రాలేదు.

బత్మా తల్లికి ఏ లోటూ చెయ్యలేదు. వేళకి వండి పెడుతుంది, కాళ్లు పడుతుంది. ఏం కావాలన్నా "ఇదిగోండి" అని ఇస్తుంది, అంతే. మొదటి మంచు పడిన రోజు పొయ్యి దగ్గర ముసలామె ఆమె కొంగు పట్టుకుంది.

"అమ్మా అని ఒక్కసారి పిలవవే."

బత్మా కొంగు మెల్లగా విడిపించుకుంది.

"పిలుస్తానండి. నలుగురూ వచ్చినప్పుడు."