పిలవకుండా తెరిచిన తలుపు

మొన్న మధ్యాహ్నం మా పక్క ఫ్లాట్‌వాళ్ళు తాళంచెవి లోపలే మరచిపోయి తలుపు లాగేసుకున్నారు. వడ్రంగి వచ్చి చాలాసేపు ఉలితో కుస్తీపట్టాడు. చివరికి విసుగెత్తి భుజంతో ఒక్క తోపు తోశాడు. గడియ మేకులతో సహా ఊడి తలుపు గోడకి కొట్టుకున్న చప్పుడుకి నా చేతిలోని కాఫీ చీరమీద ఒలికింది. చిత్రమేమిటంటే, ఆ చప్పుడుతోపాటే పులిసిన మినప్పిండి వాసన ముక్కుకి తగిలింది. మా ఇంట్లో ఆ పూట పిండి రుబ్బనే లేదు. ఆ వాసన దోహాలో, తొంభైల నడిమిలో, ఒక శుక్రవారం నాటిది. "ఏంటమ్మా అలా అదిరిపడ్డావు" అంది మా అమ్మాయి. ఆ శుక్రవారం నాటికి అది ఇంకా నా కడుపులో ఉంది. అనసూయక్క గురించి దానికి చాలా చెప్పాను గాని ఈ సంగతి మాత్రం ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

దోహాలో అల్ హిలాల్ అనే పేటలో మేమున్న విల్లా ఒకప్పుడు ఒకే కుటుంబం కోసం కట్టింది. దాని యజమాని, ఆ దేశపు పెద్దాయన, పక్కనే కొత్త ఇల్లు కట్టుకుని, పాతదాన్ని పోర్షన్లు చేసి మాలాంటివాళ్ళకి అద్దెకిచ్చాడు. ముందు పోర్షన్లో మేము, వెనక పోర్షన్లో అనసూయక్క. ఆవిడది హైదరాబాదు. దోహాలోని ఇండియన్ స్కూల్లో సైన్సు చెప్పేది. భర్త నర్సింగరావు గారు సముద్రంలో చమురు తీసేచోట ఇంజనీరు. సగం నెల అక్కడే ఉండేవారు, సగం నెల ఇంట్లో. నేను తెనాలి దాటి ఎరగని కొత్త పెళ్ళికూతురిని. దుకాణానికి వెళ్ళి ఉల్లిపాయలు అడగాలన్నా మా ఆయన ఆఫీసునుంచి వచ్చేదాకా కూర్చునేదాన్ని. నెల తిరక్కుండానే అనసూయక్క నన్ను రెక్క పట్టుకుని దుకాణం గుమ్మంలో నిలబెట్టి, తాను బయటే ఆగిపోయింది. నాకు అరబ్బీ రాదు, హిందీ సరిగ్గా రాదని గునిశాను.

"ఈడ అందరికీ సగం సగం భాషనే వస్తది పిల్లా. నీ సగం నువ్వు చెప్పు, ఆయన సగం ఆయన చెప్తడు. మధ్యల ఉల్లిగడ్డ దొరుకుతది, పో" అంది.

దొరికింది. ఆ తర్వాత ఎన్ని దేశాలు తిరిగినా, ఎన్ని ఆఫీసుల్లో నిలబడినా నాకు నోరు పెగలకపోవడం అన్నది లేదు. ఆవిడ పెట్టిన భిక్ష అనుకుంటాను.

ఆవిడకి ఇంకో పిచ్చి ఉండేది, పిండి. ఊరినుంచి సామాన్లలో చుట్టబెట్టి తెచ్చుకున్న గ్రైండరు ఒకటి ఉండేది. గురువారం సాయంత్రాలు అది గుర్రుగుర్రుమంటే మా గోడలు కూడా వణికేవి. పెద్ద పెద్ద ప్లాస్టిక్ బకెట్ల నిండా ఇడ్లీ పిండి రుబ్బి మూతలు పెట్టేది. అల్ మన్సూరాలో గదుల్లో సర్దుకుని ఉండే మన తెలుగు బ్రహ్మచారులు, కరీంనగర్ నుంచి ఒకరు, కాకినాడ నుంచి ఒకరు, స్టీలు గిన్నెలు తెచ్చుకుని పిండి పోయించుకుని మూతపెట్టి పట్టుకుపోయేవాళ్ళు. వారమంతా కంపెనీ మెస్సులో తిన్న నోళ్ళు. డబ్బు ఇస్తామంటే కసిరేది. ఇంట్లో మగమనిషి లేనప్పుడు అంతమంది మగవాళ్ళు వచ్చిపోతుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారోనని మా ఆయన ఒకసారి నసిగారు.

"ఏమనుకుంటరు తమ్మీ, ఇడ్లీ అనుకుంటరు" అంది అనసూయక్క.

అందరూ ఇడ్లీ అనుకోలేదు. ఆ దేశంలో దొంగచాటుగా ఇళ్ళల్లో సారా కాయడం పెద్ద నేరం. ఒక ఇంటినుంచి వారం వారం పులిసిన వాసన రావడం, మూతపెట్టిన బకెట్లు, ఖాళీ గిన్నెతో వచ్చి నిండు గిన్నెతో పోయే మగవాళ్ళు. వీధిలో ఎవరో చూశారు, ఎవరి చెవినో వేశారు. ఎవరన్నది మాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఊరంతా భోజనాలు చేసి ఏసీలు పెట్టుకుని పడుకుంది. నాకు ఐదో నెల. ఉన్నట్టుండి అట్టు తినాలనిపించింది. అడగడానికి మొహమాటపడుతూ వెళితే అనసూయక్క నా మొహం చూసే కనిపెట్టేసింది. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి పొయ్యి వెలిగించింది. ఆవిడ పెనం మన ఊళ్ళ ఇనప పెనం, పిడి ఉన్నది, ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. రెండో అట్టు తింటున్నాను. ఆవిడ పొయ్యి కట్టేసి, మసిగుడ్డతో పెనం పట్టుకుని దించబోతోంది. వెనక పెరటి తలుపు పేలినట్టు ఊడి గోడకి కొట్టుకుంది. అరబ్బుల పొడుగు అంగీ లేదు, టోపీ లేదు, యూనిఫారం లేదు. మామూలు ప్యాంటు, చొక్కాలో ఒక బలమైన మనిషి వంటింట్లోకి దూసుకొచ్చాడు, అతని వెనక ఇంకెవరో. నేను అరిచేలోపే అనసూయక్క నాకూ అతనికీ మధ్యకి ఒక్క అడుగు వేయడం చూశాను. ఆ తర్వాత నాకు కనిపించింది ఆవిడ వీపు మాత్రమే. ఏదో విరిగిన చప్పుడు వినపడింది. అతను కుడి చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ పక్కన కూలిపోయాడు. వెనక వచ్చినవాళ్ళు జేబుల్లోంచి కార్డులు తీసి చూపిస్తూ "షుర్తా, షుర్తా" అని అరిచారు. పోలీసు అని. అనసూయక్క పెనాన్ని చప్పుడు కాకుండా నేలమీద పెట్టి, నావైపు తిరిగి "నీకేం కాలేదు గద" అని అడిగింది.

వాళ్ళు బకెట్ల మూతలు తీశారు. ఒకతను వేలు ముంచి వాసన చూశాడు, నాలిక మీద పెట్టుకున్నాడు, మొహం అదోలా పెట్టి రెండోవాడివైపు చూశాడు. అది సారా కాదని ఆ క్షణానే వాళ్ళకి తెలిసిపోయి ఉంటుంది. కానీ అప్పటికే ఒక పోలీసు చెయ్యి విరిగింది. దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ఒక బకెట్‌నీ, అనసూయక్కనీ బండెక్కించారు. మా ఆయన, నేను టాక్సీలో వెనకాలే వెళ్ళాం. నర్సింగరావు గారు సముద్రం మీద ఉన్నారు, కబురు పంపినా ఆ రోజుకి రాలేరు. దారి పొడుగునా నా ఆలోచన ఒక్కటే. పోలీసు మీద చెయ్యి చేసుకుంటే జైలే. జైలు తర్వాత దేశం బయటికి పంపించేస్తారు. ఆవిడ ఉద్యోగం, ఆయన ఉద్యోగం, ఇన్నేళ్ళ సంసారం, అన్నీ ఒక్క పూటలో ఎగిరిపోతాయి.

స్టేషన్‌కి నర్సింగరావు గారి కంపెనీ తరఫున ఒక సూడాన్ ఆయన వచ్చాడు. వీసాలు, పోలీసు పనులు చూసే మనిషి, వాళ్ళ పద్ధతులన్నీ తెలిసినవాడు. మంచివాడే. అనసూయక్కని పక్కకి పిలిచి మెల్లగా చెప్పాడు, తలుపు చప్పుడుకి ఉలిక్కిపడితే పెనం చేతిలోంచి జారిందని చెప్పమని. ప్రమాదం అంటే రేపటికి ఇంట్లో ఉంటావు, కొట్టానంటే నేనేం చేయలేనన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అలా చెప్పేయండి అక్కా అని చేతులు పట్టుకున్నాను.

"జారలేదు గద శారదా, కొట్టిన. చూసే కొట్టిన."

"అక్కా, మీ ఉద్యోగం పోతుంది. అన్నయ్య ఉద్యోగం కూడా."

"పోనీ. జారిందంటే ఇగ ఆ తలుపు మాట ఎవ్వరు అడుగుతరు? పెనందే తప్పయితది. రేపు ఇంకో ఇంట్ల ఇట్లనే జొరబడతరు. ఆడ నాలాంటిదే ఉంటది, చేతిల పెనం బదులు కత్తి ఉంటది."

నాకు కోపం కూడా వచ్చింది, దాచుకోను. మొండితనానికి ఇదా సమయం అనుకున్నాను. ఆ సూడాన్ ఆయన నుదురు రుద్దుకుంటూ కూర్చుండిపోయాడు.

పై అధికారి వయసు మళ్ళినవాడు. గదిలో ఒక మూల మా బకెట్ సాక్ష్యంగా పెట్టి ఉంది. ఉర్దూ వచ్చిన పోలీసు ఒకతను మధ్యలో నిలబడి అటు మాట ఇటు చెప్పాడు. అనసూయక్కకి ఉర్దూ మంచినీళ్ళు తాగినంత సులువు. ఆవిడ ఉర్దూలో అన్నదాన్ని ఆవిడ తెలుగులోనే రాస్తున్నాను, నా చెవిలో అలాగే ఉంది కాబట్టి. పోలీసుని కొట్టావని తెలుసా అని అధికారి అడిగాడు.

"ఇప్పుడు తెలుసు సాబ్. అప్పుడు ఎరుక లేదు. మా ఇంటి ఓనరు పెద్దాయన ఉన్నడు. ఇల్లు ఆయనదే. అయినా గేటుకాడ నిలబడి 'యా అహలల్ బైత్' అని పిలుస్తడు, ఇంట్లవాళ్ళూ అని. దగ్గుతడు. నేను కొంగు సరి చేసుకుని జవాబు చెప్పేదాంక అడుగు లోపల పెట్టడు. ఆడోళ్ళున్న ఇంటికి మీ దేశంల గట్లనే వస్తరని ఆయన దగ్గర నేర్చుకున్న. ఈయన పిలవలేదు. పిలవకుండ వచ్చిండంటే ఈ దేశపు మనిషి కాదనుకున్న. దొంగ అనుకున్న, కొట్టిన."

ఉర్దూ పోలీసు చివరి మాటలు అనువదించడానికి కొంచెం తడబడ్డాడు. అధికారి తలుపు దగ్గర నిలబడ్డ తన మనుషులవైపు తిరిగి ఒకే ఒక్క మాట అడిగాడు. వాళ్ళు నేలచూపులు చూశారు. 'పిలిచారా' అని అడిగాడట, తర్వాత తెలిసింది. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో మూలనున్న బకెట్ మూత టప్పున ఊడింది. పిండి పొంగి అంచులు దాటి, తీరుబడిగా, ఆఫీసు తివాచీ మీదికి దిగింది. అందరూ దాన్నే చూస్తున్నారు. "ఇడ్లీ పిండి సాబ్. బండి డిక్కీల ఎండకు లేచింది, ఇగ ఆగది" అంది అనసూయక్క సంజాయిషీగా. అధికారి మీసం కదిలింది. నవ్వాడని చెప్పలేను, నవ్వలేదనీ చెప్పలేను.

ఇంటి యజమాని వచ్చి పూచీ పడ్డాడు. దెబ్బ తగిలినతను కేసు పెడితే మళ్ళీ పిలుస్తామని చెప్పి, చీకటిపడే వేళకి పంపేశారు. వరండాలో ఆ మనిషి బల్లమీద కూర్చుని ఉన్నాడు, ఆస్పత్రినుంచి అప్పుడే తెచ్చినట్టున్నారు, చేతికి కట్టు. అనసూయక్క ఆగింది. మమ్మల్ని నడవమని సైగ చేసింది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మేము వినలేదు.

మర్నాటినుంచి ఇంటికి జనం. బ్రహ్మచారులందరూ వచ్చారు, ఈసారి గిన్నెలు లేకుండా. అక్క పులి అన్నారు ఒకరు. ఇంకో నాలుగు తగిలించాల్సిందన్నారు ఇంకొకరు. ఆవిడ అందరికీ టీలు ఇచ్చి, పని ఉందని చెప్పి పంపించేసింది. వారాలు గడిచినా కేసు పెట్టినట్టు కబురు రాలేదు. నర్సింగరావు గారు వచ్చారు, ఉద్యోగాలు నిలిచాయి, తలుపుకి కొత్త గడియ పడింది. అంతా సుఖాంతమే అనుకున్నాం. ఆవిడ మాత్రం అట్లు పోయడం మానేసింది. ఒకరోజు నేనే ధైర్యం చేసి, మీరు కొట్టకపోతే నన్నేం చేసేవాడో అన్నాను, మెచ్చుకోవాలనే.

"నన్ను మెచ్చుకోకు పిల్లా" అంది. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, వరండాలో మాట్లాడింది అప్పుడు చెప్పింది.

"నేను ఆయన్ని మాఫ్ చెయ్యమని అడుగుదామని ఆగిన. ఆయన్నే ముందు మాట్లాడిండు, వచ్చీరాని ఉర్దూల. నడుముకు పిస్తోలు ఉండెనంట. లోపలికి రాంగనే నా చేతిల ఇనుము కనపడ్డదంట. చెయ్యి పిస్తోలు మీదికి పోయింది, తీస్తున్న, అంతల నీ దెబ్బ మణికట్టు మీద పడ్డది అన్నడు. ఇంకొంచెమైతే కాలుస్తుంటి అన్నడు. నా వెనక నువ్వున్నవు శారదా. నీ కడుపుల అది ఉంది. నేను ఇంకొంచెం పైకి కొట్టుంటే ఆయన తల పగిలేది. ఆయనా భయపడ్డడు, నేనూ భయపడ్డ. నా తప్పు లేదని నాకు ఎరుకే. తప్పు లేకుంటే ఏంది? ఎవరో ఒకరం పోతుంటిమి గద."

ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే. నేనూ ఏడ్చాను. కాసేపయ్యాక కళ్ళు తుడుచుకుని, ఇంకో మాట చెప్పింది.

"అప్పుడు ఆయన పేరడిగిన. చెప్పిండు. నా పేరు అడిగిండు, చెప్పిన. పేర్లు గూడ తెల్వకుండనే ఒకరినొకరం చంపుకుంటుంటిమి."

అనసూయక్క పోయి చాలా ఏళ్ళయింది. నాకు దుకాణానికి వెళ్ళడం నేర్పింది, నిజం చెప్పి నిలబడటం ఎలా ఉంటుందో చూపించింది, తప్పు లేకపోయినా చేతికి బరువుంటుందని తెలియజెప్పింది. ఆ పోలీసు పేరు కూడా నాకు చెప్పింది. ఇక్కడ రాయను. అతను ఇప్పుడెక్కడున్నాడో, ఉన్నాడో లేడో తెలియదు. మా అమ్మాయి పుట్టినరోజున దీపం పెట్టి, అందరి పేర్లూ అనుకున్నాక, ఆ పేరు కూడా ఒకసారి అనుకుంటాను. చల్లగా ఉండాలని.