తళిగ నాటి నడుము నొప్పి

నాకు నోరెక్కువ. మా అమ్మ అంటుంది, మా ఆయన అంటాడు, మా అత్త అయితే పొద్దున్నే కాఫీతో పాటు అంటుంది. అందుకే పెళ్ళయిన కొత్తలో, నెలసరి వచ్చిందని తెలియగానే అత్త ఓ చాప, దిండు, పళ్ళెం, చెంబు ఇచ్చి నన్ను పక్కగదిలో కూర్చోబెడితే నేను ఊరుకోలేదు. చంద్రగిరిలో మా పుట్టింట్లో ఈ పట్టింపులు లేవు. అమ్మ కూలికి పోయేది. బయటున్నానని మూడు రోజులు మూలన కూర్చుంటే ఆమెకు జరిగేదా?

"ఇది యాడి న్యాయమత్తా? నాకేమన్నా అంటురోగమా?" అని గడపలో నిలబడి అడిగాను.

"ఆ నోటికి కాస్త తాళమెయ్. మూడు దినాలు చాకిరీ తప్పింది గదా, హాయిగా పండుకో" అంది అత్త.

హాయి ఎక్కడిది? నెలసరిలో నన్ను చంపేది నడుమే. తుంటి దగ్గర మొదలై తొడల్లోకి దిగుతుంది. రోజంతా మిషను ముందు వంగి జాకెట్లు కుట్టేదాన్ని, మామూలప్పుడే అది అంతంతమాత్రం. ఆ మధ్యాహ్నం చాప మీద ముడుచుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను. అత్త తలుపు దగ్గర కాసేపు నిలబడింది. తర్వాత వంటింట్లోకి పోయి, కల్లుప్పు పెనం మీద వేడిచేసి, పాత పంచె గుడ్డలో మూటకట్టి తెచ్చింది. నా పక్కనే చతికిలబడి, "బోర్లా పండుకో" అని నడుము మీద కాపడం పెట్టింది. మూట చల్లారాక మెటికలతో వెన్ను పొడుగునా నొక్కింది. అబ్బా, ప్రాణం లేచొచ్చింది.

"అత్తా, నన్ను తాకినావే!" అన్నాను.

"తాకితే ఏమి? తలకు పోసుకుంటే పోతాది" అని లేచి, నేరుగా స్నానాల గదిలోకి పోయింది.

అప్పటినుంచి ప్రతి నెలా అదే వరస. నన్ను పక్కగదిలో పెట్టడం మానలేదు, నడుము నొక్కడమూ మానలేదు. నొక్కినప్పుడల్లా తలస్నానం. ఇదేం లెక్కో నాకర్థం కాలేదు గానీ ఆ చేతుల కోసం మాత్రం ఎదురుచూసేదాన్ని. దాచుకోవడమెందుకు, మా అమ్మ కూడా నా నడుము అంత ఓపికగా పట్టలేదు.

పోయినేడు వానలకు అత్తకు ఆయాసం పట్టుకుంది. రెండడుగులు వేస్తే పిల్లికూతలు. పదేపదే తల తడుపుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ వెంటనే అరవ లెక్కలోని పెరటాసి నెల వచ్చింది. మా వైపు ఆ నెల శనివారాల్లో కొండ మీది సామికి ఇంట్లోనే తళిగ వేస్తారు. ఇల్లంతా కడిగి, తలస్నానం చేసి, ఉపవాసంతో వండి, అరిటాకులో వడ్డించి, పిండి దీపం వెలిగించి గోవిందలు కొడతారు. సరిగ్గా మేం తళిగ వేసే శనివారం పొద్దున్నే నేను బయటయ్యాను. నా నడుముకు ముహూర్తాలు బాగా తెలుసు!

అత్త అప్పటికే తలకు పోసుకుని మడికట్టుకుంది. ఆ ఒక్క స్నానానికే ఛాతీలో ఈల వేస్తోంది, గోడ ఇవతలికి వినబడుతోంది. నాకు నొప్పని తెలిస్తే వస్తుంది. వస్తే తాకుతుంది. తాకితే తళిగ ముందు మళ్ళీ తలస్నానం. ఈమెకేమన్నా అయితే? నాకు నిజంగా భయమేసింది. ఏమైనా సరే నోరు విప్పకూడదనుకున్నాను. తలుపు దగ్గరికి వేసి, సెల్లులో పాటలు పెద్దగా పెట్టి, దిండును కొరుకుతూ పడుకున్నాను.

వంటింట్లోంచి అత్త తిట్లు మొదలుపెట్టింది. "ఏమ్మే, తళిగ పూట ఆ సినిమా పాటలేంది?" నేను పలకలేదు. "నిన్నే, చెవులు యాడ పెట్టుకున్నావు?" అయినా పలకలేదు. ఒక మాటకు నాలుగు జవాబులిచ్చేదాన్ని ఊరుకుంటే ఆమెకు అనుమానం రాదా? అక్కడే తప్పు చేశాను. "రేయ్, ఈ వడలు తిప్పు, మాడనిచ్చినావంటే సూడు" అని మా ఆయనతో అనడం వినబడింది. మరుక్షణం తలుపు తోసుకుని వచ్చింది, చేతిలో ఉప్పు మూట.

"రావద్దత్తా! నన్ను తాకొద్దు!" అని అరిచాను. అంటురోగమా అని పోట్లాడిన నోరే ఇది. "మళ్ళీ తలకు పోసుకుంటే నీకు ఊపిరాడదు. నాకు నొప్పి లేదు, ఒట్టు!"

"లేకపోతే దిండు ఎందుకు తడిసిండాది? తిరుగు అట్ల."

తిరిగాను. ఎప్పటిలాగే నొక్కింది, ఎప్పటికన్నా ఎక్కువసేపే నొక్కింది. మధ్యమధ్యలో ఆగి రొప్పుతోంది. నేను చాపలో ముఖం పెట్టి ఏడుస్తూనే ఉన్నాను. నొప్పి కాస్త దిగాక లేచి, గోడ పట్టుకుంటూ బయటికి పోయింది. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు కోసం చెవులు రిక్కించాను. కాళ్ళూ చేతులూ కడుక్కున్న చప్పుడు మాత్రమే వచ్చింది.

మా ఆయన బిత్తరపోయినట్టున్నాడు. "అమా, తలకు పోసుకోకుండానే దీపం పెడతావా?"

"ఆ సామికి మాత్రం తిరుచానూరులో పెండ్లాం లేదా? ఆడోళ్ళ నడుము నొప్పి ఆయనకు తెలీకుండానే ఉంటాదా? ఆయప్ప ఏమీ అనుకోడు. నువ్వు గోవిందా అను."

ఇద్దరూ గోవిందా అన్నారు. బయటున్నవాళ్ళు సామి పేరు పలకకూడదని ఆమే నాకు చెప్పింది. అయినా ఆగలేక, చాప మీద పడుకునే నేనూ అన్నాను. చాపలో ముఖం దాచుకుని అన్నానేమో, సగమే బయటికొచ్చింది.

హారతి గంట ఆగింది. ఇక తిట్లే అనుకున్నాను.

"ఏమ్మే," అంది అత్త అటునుంచి, "సరిగా వినపడలా. గట్టిగా అను."