అత్తగారి నోటి మంట

మా అత్తగారికి అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చేవారు. ఈమధ్య నోరు మండుతోందంటే, కనకాలపేట నుంచి యానాం వెళ్లి మెడికల్ షాపులో ఘాటైన మౌత్‌వాష్ అడిగాను.

"ఎవరికండి?" అన్నాడు షాపాయన. సంగతి చెప్పగానే సీసా వెనక్కి తీసేసుకున్నాడు.

"ఇందులో స్పిరిట్టుంటాదండి, మంట ఇంకా ఎక్కువైపోద్ది. ముందు ఆవిడ అంగిలి చూడండి."

ఇంటికొచ్చి ఫోన్ లైటు వేసి చూశాను. అంగిలి మీద తెల్లటి మచ్చ.

"ఏటమ్మా, ఏం కనపడింది?" అన్నారు ఆవిడ.

"డాక్టరు దగ్గరికెళ్దామండి అత్తయ్యా" అన్నాను.

పళ్ల డాక్టరు మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. చివరికి క్యాన్సర్ కాదన్నారు. చుట్ట మానకపోతే రేపు కావచ్చనీ అన్నారు. స్పిరిట్ లేని మౌత్‌వాష్ రాసిచ్చి, అది మచ్చకు మందు కాదని చెప్పారు.

ఆవిడ ఆ రోజే చుట్ట మానేశారు. మచ్చ మెల్లగా పలచబడుతోంది. అయినా డాక్టరు నోరు తెరవమన్నప్పుడల్లా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంటారు. ఆయన "బాగానే ఉంది" అనేదాకా నాకూ ఊపిరాడదు.