కోతకాలపు పండుగలో నల్ల కవర్

మోపిదేవి దగ్గరి ఊళ్లో మరియమ్మగారు గుడ్డతో శానిటరీ ప్యాడ్లు కుడతారు. నల్ల కవర్లో చుట్టి ఇచ్చినా ఎవరూ కొనడం లేదని తెలిసి, ఆమెకు కుట్టు నేర్పిన సంస్థ తరఫున హైదరాబాద్ నుంచి వెళ్లాను.

ఆ రోజు చర్చిలో కోతకాలపు పండుగ. కానుకల బల్ల మీద గుమ్మడికాయల పక్కన ఆమె కవర్ విప్పి ప్యాడ్లు పెట్టేసరికి గబగబా ఆమె దగ్గరికి వెళ్లాను.

"ఇక్కడా? అందరి ముందా?"

"పంట దేవుడి ముందు పెట్టాలి కదండీ. మాకు పొలం లేదు, నా పంట ఇదే."

కానుకలు వేలం వేస్తున్న పాస్టర్ గారు మైకులో "శానిటరీ ప్యాడ్లు!" అన్నారు. సిగ్గుతో తల దించుకున్నాను.

వెనక నుంచి ఓ ముసలాయన గొంతు వినిపించింది: "నాకివ్వండి అయ్యగారూ, ఇంట్లో మనవరాళ్లున్నారు."

నల్ల కవర్ల ఆలోచన నాదే.