వెదురు తెర వెనక చదివిన గొంతు

రత్నమ్మక్కను పనిలోంచి తీసేస్తారట అన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఆఫీసులో పక్క బల్ల లక్ష్మి. హైదరాబాదు పాతబస్తీ జహనుమాలో మా ఇంటి గుమ్మం దగ్గర, చెప్పులు కూడా విప్పకుండా నిలబడి చెప్పింది.

దయ్యాలూ గాలులూ నేను ఏనాడూ నమ్మలేదు. బడికి పోలేదు నేను. మా నాన్న ఇంట్లోనే బైబిలు ముందు కూర్చోబెట్టి అక్షరాలు నేర్పాడు. దేవుడికి తప్ప దేనికీ భయపడొద్దని కూడా ఆయనే నేర్పాడు. అందుకే ఇది ఎవరినీ జడిపించడానికి రాయడం లేదు. ఆ రోజు ఏం జరిగిందో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ ఉంది.

డెబ్బైలలో మాట. మొఘల్‌పురాలో ఒకప్పటి నవాబుల బంగళా, ఒక పాత దేవిడీలోని పెద్ద హాలు మా ఆఫీసు. తలనూనె సీసాలను పోస్టులో ఊరూరా పంపే వ్యాపారం. పన్నెండు మంది ఆడవాళ్లం జంటలుగా పని చేసేవాళ్లం. ఒకరు జాబితా చూసి పైకి చదవాలి, ఇంకొకరు పార్సిలు మీద చిరునామా రాయాలి. నేను చదివేదాన్ని, రత్నమ్మక్క రాసేది. చూపు మసకబారి జాబితాలోని సన్న అక్షరాలు ఆమెకు ఆనేవి కావు. చేతిరాత మాత్రం అచ్చు గుద్దినట్టుండేది. భర్త లేడు, పిల్లలు లేరు. ఆ పనే ఆమెకు అన్నం.

అందరూ కళ్ల ముందుండాలని మా యజమాని సేటు గారు మధ్య అడ్డాలన్నీ తీయించి, బల్లలు పరీక్ష హాల్లోలా వరసగా వేయించారు. అప్పటి నుంచే తిప్పలు. ఆరు గొంతులు ఒకేసారి చదువుతుంటే పక్క బల్ల ఊరు మన చెవిలో పడేది. నల్గొండ రాములు నూనె మెదక్ రాములుకు పోయేది. మిగతావాళ్లు జాబితా వైపు ఒకసారి తొంగిచూసి దిద్దుకునేవారు. రత్నమ్మక్కకు చెవే ఆధారం. తిరిగొచ్చిన పార్సిళ్లలో ఎక్కువ ఆమెవే ఉండేవి.

లక్ష్మి ఆ కబురు తేగానే, హాలు మాకు నచ్చినట్టు మార్చుకోనివ్వమని సేటు గారిని పోయి బతిమాలాం.

"వారం టైమిస్తున్న. సోమవారం నేనే వచ్చి చూస్త. ఒక్క తప్పు దొరికినా రత్నమ్మ ఇంటికే. మల్ల లొల్లి జెయ్యొద్దు" అన్నారు సేటు గారు.

వడ్రంగి ఖలీల్ భాయ్‌ని పంపినందుకు దేవుడికి స్తోత్రం. ఆయన కొలతలు తీసుకోలేదు. ముందు ఒక్కొక్కరి బల్ల దగ్గరా కూర్చుని, కళ్లు మూసుకుని విన్నాడు.

"దీవార్ గీవార్ ఏం వద్దమ్మా. గీడ పర్దా మనుషులకు కాదు, గొంతులకు కావాలె" అన్నాడు.

దూలాల నుంచి వెదురు తెరలు వేలాడదీశాడు. వాటికి వెనక మా ఇళ్లలోని పాత బొంతలు కుట్టాం. తాడు లాగితే తెర పైకి పోతుంది, అందరం కలిసి కూర్చోవచ్చు. వదిలితే జంటకొక గది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు బల్లలు, మిగిలినవాళ్లకు నేల మీద పరుపులు, రాతపలకలు. మూలన చాయ్ పొయ్యి. కిటికీ వెలుతురంతా రత్నమ్మక్కకు ఇచ్చాం. ఆ ఎండ నా కళ్లలో పడకుండా మా ఇద్దరి మధ్య బొంత లేని పలచటి తెర కట్టాడు.

"ఆఫీసు ఇల్లు లెక్క అయింది. ఇగ పొద్దూకినా ఎవ్వరు ఇంటికి పోరు" అని ఖలీల్ భాయ్ నవ్వాడు.

ఊళ్ల పేర్ల దగ్గర నాలుక తడబడకూడదని సోమవారం జాబితాను శనివారమే ఇంటికి తెచ్చుకున్నాను. దానికి నకలు లేదు. ఆర్డరు కార్డులు సేటు గారింట్లో బీరువాలో ఉంటాయి. ఆదివారం మా అత్తమ్మ దగ్గు మందు ఒలికి జాబితాలో ఒక వరస పూర్తిగా చెరిగిపోయింది. అప్పటికి నేను ఆ కాగితం విప్పనైనా లేదు.

సోమవారం తెల్లవారి అత్తమ్మకు ఆయాసం ఎక్కువైంది. ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆఫీసుకు కబురు పంపే దారి లేదు. నేను హాల్లో అడుగుపెట్టేసరికి మధ్యాహ్నమైంది. జాబితా నా సంచిలోనే ఉంది.

రత్నమ్మక్క కలం తుడుచుకుంటోంది. పక్కన నలభై పార్సిళ్లు, అన్నింటి మీదా చిరునామాలు.

"అయిపోయినయ్ చెల్లె. ఇగ జర నీళ్లు తాగు. పొద్దుగాల నుంచి చదువుతనే ఉన్నవ్."

నేను ఇప్పుడే వచ్చానన్నాను.

"పో, పరాచికాలాడకు" అంది.

పక్క తెర వెనక నుంచి లక్ష్మి తల బయటపెట్టింది. "నీ గొంతు నాకు ఎరుక లేదా? గింత నిమ్మళంగ ఎన్నడు చదవలే నువ్వు."

ఇంతలో సేటు గారు వచ్చి జాబితా అడిగారు. సంచిలోంచి తీసి ఇచ్చాను. ఒక్కొక్క పార్సిలూ సరిచూశారు. ముప్పైతొమ్మిది సరిగ్గా ఉన్నాయి. చెరిగిన వరస దగ్గర ఆగి "గిదేంది?" అన్నారు. పార్సిలు మీద మాత్రం పేరూ, ఊరూ, తాలూకా స్పష్టంగా ఉన్నాయి. ఇంటి నుంచి కార్డు తెప్పించి చూస్తే ఒక్క అక్షరం తేడా లేదు.

రత్నమ్మక్క పని నిలిచింది.

అబద్ధం మోయలేక ఆ సాయంత్రమే సేటు గారితో పొద్దున నేను లేనని చెప్పాను. "తప్పు లేదు గద, పో" అన్నారు. ఖలీల్ భాయ్‌ని అడిగితే తెర తాడు ఒకసారి లాగి చూశాడు. "పర్దా నేను కట్టిన, బేటీ. గొంతు సంగతి నాకు ఎరుక లేదు" అన్నాడు.

ఎవరో నాలా చదివారనుకుందామంటే జాబితా నా దగ్గరుంది. రత్నమ్మక్క ముందే కంఠస్థం చేసిందనుకుందామంటే ఆమె కళ్లకు ఆ అక్షరాలే ఆనవు. చెరిగిన ఆ వరస నాకే తెలియదు. ఎన్ని విధాల ఆలోచించినా అక్కడే ఆగిపోతాను. దేవుడి దయ అనుకుని మోకరిస్తాను. అది ఎట్లా జరిగిందన్నది మాత్రం నాకు అంతుచిక్కలేదు.

రత్నమ్మక్క చూపు పూర్తిగా పోయేదాకా అక్కడే పని చేసింది. ఆ రోజు చదివింది నేనేనని కడదాకా నమ్మింది. నా చేతులు పట్టుకుని "నీ పుణ్యమే చెల్లె" అనేది. ఆ మాట తీసుకోవడానికి నాకు హక్కు లేదు. కాదంటే ఆమె నవ్వేసేది. ఇప్పుడు ఆమెకు దీపం పెట్టే వాళ్లు ఎవరూ లేరు. మీరు ఏ దేవుడికి చేతులు జోడించినా, ఒక్కసారి రత్నమ్మను తలుచుకోండి.