క్లాంపు ఎవరిది

మా మామ పోయాక నా ఇద్దరు బావమరుదులు వేరుపడ్డారు. ట్రాక్టర్ పెద్దవాడికి, ట్రాలీ చిన్నవాడికి వచ్చాయి. ఝరాసంగం దారిలో ఉన్న ఆ ఊరి పెద్దమనుషులు ఈ పంపకం చేసి చాలా సంతోషపడ్డారు. ట్రాలీ లేని ట్రాక్టర్‌కు గిరాకీ ఉండదు, ట్రాక్టర్ లేని ట్రాలీ కదలదు, కాబట్టి అన్నదమ్ములు ఒకరినొకరు వదలరని వాళ్ల ఆలోచన. అప్పట్లో నేను జహీరాబాద్ నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ని. అందుకని నన్నూ పెద్దమనుషుల్లో కూర్చోబెట్టారు. భూమి, ఎడ్లు, బావి నీళ్ల వంతులు, చివరకు కొట్టంలోని పాత తలుపులు కూడా మాటకు వచ్చాయి. ట్రాక్టర్‌నూ ట్రాలీనీ కలిపే ఇనుప ముక్క సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

దాన్ని ఆ ఇంట్లో క్లాంపు అనేవాళ్లు. మందపాటి ఇనుప రేకులు రెండు, ఒకదాని కింద ఒకటి. వాటి మధ్య సందులోకి ట్రాలీ ముందుండే దూలం కొసను దూర్చి, పైనుంచి పిన్ను దించాలి. మా మామ ట్రాలీతోపాటే దాన్నీ చేయించి ట్రాక్టర్ వెనుక, బాగా కిందికి, బోల్టులతో బిగించాడు. రెండు చక్రాల ట్రాలీ కావడంతో చెరుకు నింపగానే సగం బరువు ముందుకు వచ్చి ఆ క్లాంపు మీదే కూర్చునేది.

మొదట్లో పని సాఫీగానే సాగింది. తర్వాత పెద్దవాడు రోడ్డుకు కంకర తోలే పని ఒప్పుకున్నాడు. కంట్రాక్టరు ట్రాలీలు నాలుగు చక్రాలవి, వాటి ముందు ఇనుప కడియం ఉండేది. బరువు వాటి చక్రాలే మోసుకుంటాయి, ట్రాక్టర్ లాగితే చాలు. గుంతల దారిలో అటూ ఇటూ మెసలడానికి అలాంటి వాటికి కొక్కెమే మేలు. పెద్దవాడు క్లాంపు విప్పి కొట్టంలో పడేసి, కొక్కెం బిగించాడు. పనిని బట్టి చూస్తే అందులో తప్పేమీ లేదు. చిన్నవాడికి మాత్రం వేరేలా తోచింది.

"నా ట్రాలీ పట్టొద్దనే హుక్కు పెట్టిచ్చిండు బావా," అన్నాడు నాతో.

"కడియం అతికించుకోమని మీ అన్న చెప్పాడట కదా?" అన్నాను.

"నాయిన చేయించిన దూలం నేనెందుకు కోస్త? ఆయన హుక్కు కోసమా?"

ఆ తర్వాత అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి.

ఎనభైల మొదట్లో ఒక చలికాలం చిన్నవాడికి చక్కెర ఫ్యాక్టరీ నుంచి కోత పర్మిట్ వచ్చింది. ఆ ఏడాది ఉన్న పొలమంతా చెరుకే పెట్టాడు. వేరే పంట లేదు. బీదర్ వైపు నుంచి వచ్చిన కూలీలు నరకడం మొదలుపెట్టారు. నరికిన చెరుకు నేల మీద ఉంటే ఎండకు రసం తగ్గుతుంది, తూకం పడిపోతుంది. పర్మిట్ తేదీ దాటిందంటే వరుస మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. చెరుకు తోలడానికి ట్రాక్టర్ లేదన్న కబురు విన్నప్పటి నుంచి నా భార్యకు కాలు నిలవలేదు. వంటింట్లోకి వెళ్లేది, మళ్లీ గుమ్మంలోకి వచ్చేది.

"ఆడ తమ్ముని చెరుకు ఎండుతున్నది. నువ్వేమో ఈడ కూసోని రాస్తనే ఉన్నవ్," అంది.

ఇద్దరం బస్సెక్కాం.

మేం చేరేసరికి చిన్నవాడు మొగుడంపల్లి నుంచి ఒక ట్రాక్టర్‌ను కిరాయికి తెచ్చి ఉన్నాడు. ఆ ట్రాక్టర్ యజమానే డ్రైవరు, అందరూ భాయ్ అని పిలిచేవాళ్లు. దున్నడానికి తప్ప ఆయన దాన్ని వాడింది లేదు. వెనుక కింద ఉత్త ఇనుప పట్టీ ఉంది, ట్రాలీని పట్టే క్లాంపు లేదు. అందుకని సీటు వెనుక, నాగలి పై కడ్డీ తగిలించే చోట ట్రాలీ దూలాన్ని కట్టుదిట్టంగా బిగించారు.

"ఫికర్ చెయ్యకు పటేల్," అన్నాడు భాయ్. "కింద లేకుంటే పైన. లోడు ఎట్లయినా ఎనకనే గద వస్తది."

చెరుకు నింపారు. ట్రాక్టర్ కదిలింది. పొలం గట్టుకు తట్టుకుని ట్రాలీ చక్రాలు ఆగగానే ట్రాక్టర్ ముందు చక్రాలు నేల విడిచి లేచాయి. భాయ్ స్టీరింగ్ తిప్పుతున్నాడు, చక్రాలు గాలిలో తిరుగుతున్నాయి. గభాలున క్లచ్ తొక్కాడు. ముందు భాగం దబ్బున కింద పడింది.

"నా బండి ఎన్నడు గిట్ల మొగులు దిక్కు చూడలే," అన్నాడు భాయ్ దిగుతూ. "రోడ్డెక్కేకాడ ఎత్తు ఉన్నది గద. ఆడ గిట్లనే లేస్తె సీటుకు, చెరుకుకు నడుమ నేను చట్నీ అయిత. నేను రాను."

ఆయన అన్నది నిజం. బరువును ఇరుసు కంటే పైనుంచి లాగితే వెనుక చక్రాల మీద ట్రాక్టర్ లేచి కూర్చుంటుంది, ఇంకాస్త లేస్తే డ్రైవరు మీదికే తిరగబడుతుంది. కిందినుంచి లాగితే ముందు చక్రాలు నేలను పట్టుకుని ఉంటాయి. ఆయన ట్రాక్టర్, మా మామ ట్రాక్టర్ ఒకే కంపెనీవి. పెద్దవాడి కొట్టంలో పడి ఉన్న క్లాంపు దీనికి సరిగ్గా సరిపోతుంది.

"పోయి అడుగుదాం," అన్నాను.

"అది నాదే. నాది నేను అడుగుడేంది?" అన్నాడు చిన్నవాడు. నరికి పడేసిన చెరుకు చుట్టూ తిరుగుతున్నాడు, ఒక గడ తీసి విరిచి చూస్తున్నాడు, పడేస్తున్నాడు.

నేనూ నా భార్యా వెళ్లాం. పెద్దవాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సంగతి విన్నాడు.

"బోల్టులు నా ట్రాక్టర్‌కున్నయి బావా. నా దాని తోక నాదే అయితది."

"నాయిన దాన్ని ట్రాలీ కోసం చేయించిండన్నా," అంది నా భార్య.

"చేయిస్తె చేయించిండు. ట్రాక్టర్‌కు బిగిచ్చిండు."

"మరి పిన్ను?" అంది ఆమె.

ఆయన ఆలోచించాడు. "పిన్ను వానిదే అనుకో."

"క్లాంపు లేని పిన్నుతోని ఏం చేస్తడు? చెవుల తిప్పుకుంటడా?"

పెద్దవాడికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. నావైపు తిరిగాడు. "పంచాయితిల కూసున్నవు గద బావా. నువ్వే చెప్పు, ఎవలది?"

"ఆ రోజు మేం దాన్ని పంచలేదు," అన్నాను. "పంచలేదు కాబట్టి అది ఇంకా మామదే."

నా భార్య అప్పటికే కొట్టంలోకి నడిచింది. తుప్పు పట్టిన క్లాంపును రెండు చేతులా ఎత్తబోతుంటే, "పెట్టు, చెయ్యి నలుగుతది," అని ఆయనే లేచి దాన్ని భుజాన పెట్టుకున్నాడు. పానాల సంచీ నాకిచ్చాడు.

పొలంలో ఆయన నేరుగా ట్రాక్టర్ కిందికి దూరాడు. చిన్నవాడు అవతలి వైపు నిలబడ్డాడు.

"భాయ్, పెద్ద పానా ఇయ్యమను."

చిన్నవాడు పానా తీసి భాయ్‌కి ఇచ్చాడు. భాయ్ దాన్ని కిందికి అందించాడు.

"ముందట రెండు మూటల మట్టి కట్టమను. బరువు ఉండాలె."

"కడ్తున్ననని చెప్పు భాయ్."

"నేనేమన్న టపా బంట్రోతునా?" అన్నాడు భాయ్. "గజం దూరం లేరు, నన్ను ఉరికిస్తున్నరు."

ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. నా భార్య మాత్రం కొంగు అడ్డం పెట్టుకుంది. బోల్టులు బిగిశాయి. ట్రాలీ దూలం క్లాంపులో కూర్చుంది, పైనుంచి పిన్ను దిగింది. పెద్దవాడు పిన్ను కింద తీగ చుట్టి, మోకాళ్లు దులుపుకుని, కాలిబాట పట్టాడు.

చిన్నవాడు భాయ్ పక్కన మడ్గార్డు మీద కూర్చున్నాడు. నేను చెరుకు లోడు మీద, వెనక్కి తిరిగి. రోడ్డెక్కే ఎత్తు దగ్గర ఇంజను గొంతు మారింది. ట్రాలీ ఆగి, ఆగి కదులుతోంది. అప్పుడు చూశాను. పెద్దవాడు కాలిబాటన ముందే అక్కడికి చేరాడు. రెండు చేతులా పట్టేంత రాయి ఒకటి పొట్టకు ఆనించుకుని, ట్రాలీ చక్రం వెనకాలే అడుగులో అడుగు వేస్తున్నాడు. బండి వెనక్కి జారితే చక్రం కింద పెట్టడానికి. ఒకసారి జారింది కూడా. ఆయన వంగాడు. భాయ్ యాక్సిలరేటర్ తొక్కేసరికి మళ్లీ ముందుకే పోయింది. తారు రోడ్డు మీదికి చేరాక ఆయన రాయిని పక్కకు దొర్లించి, చేతులు తుడుచుకుని వెనక్కి తిరిగాడు. నేను చెయ్యెత్తితే చూడలేదు.

ఫ్యాక్టరీ ముందు పొడుగాటి వరుస ఉంది. చిన్నవాడు కుదురుగా కూర్చోలేదు. దిగేవాడు, పిన్ను తడిమేవాడు, వరుస మొదటిదాకా నడిచి వచ్చేవాడు. చివరకు నా దగ్గర నిలబడ్డాడు.

"ఎత్తు కాడ ఎనకకు జారింది గద బావా. ఎనక ఎవలన్న ఉండిన్రా?"

"మీ అన్న ఉన్నాడు. రాయి పట్టుకుని."

వరుస కొంచెం ముందుకు జరిగింది. భాయ్ బండి జరిపి మళ్లీ ఇంజను ఆపాడు.

"పొలంల ఇంకా సగం చెరుకున్నది," అన్నాడు చిన్నవాడు కాసేపటికి. "భాయ్‌కి రేపు వేరేకాడ దున్నేదున్నదట."

"అలాగా?"

"ఆయన కంకర పని ఎప్పటిదాకనో అడిగినవా?"

అడగలేదన్నాను.

"అంతదూరం పోయి, గదొక్కటి అడగకపోతివి," అని విసుక్కుని, మళ్లీ వరుస మొదటికి నడిచాడు.